పడమటికి రెండు వేళ్లు

వంతెనను మింగిన వరద వచ్చిపోయి రెండేళ్లు నిండి, మూడో ఏడు నడుస్తున్నప్పటి మాట ఇది. ఆ ఏడే ఊరికి మళ్లీ రైలు వచ్చింది. మొదటి రైలు కూసిన నాలుగో రోజు పొద్దున, ప్రార్థన మందిరం గోపురం మెట్ల మీద రెండు జతల కాళ్ల చప్పుడు వినబడింది గంటలాయనకి. ఒక జత ఆగి ఆగి ఎక్కుతోంది. అది మందిరం బాగోగులు చూసే పెద్దాయనది. ఆయనకి ఆయాసం. రెండో జతకి బూట్లున్నాయి.

గంటలాయన, తనంతట తనే గంట కొట్టే గోపురం గడియారానికి తాడు చుడుతున్నాడు. కడ్డీ ఒక చుట్టు తిరిగినప్పుడల్లా పళ్ల చక్రం టక్కుమంటుంది. గోపురం గోడల మధ్య బావిలా దిగిన ఇరుకు గూటిలో ఇనపగుండు జానెడు పైకి లేస్తుంది. నలభై రెండు చుట్లు. మధ్యలో ఆపితే బరువంతా ఒక్క పంటి మీద పడుతుంది. అందుకే దేవుడే ఎదురుగా వచ్చి నిలబడినా ‘ఉండు తండ్రీ, ఇంకో పది చుట్లున్నాయి’ అంటాడని ఊళ్లో వేళాకోళం. వచ్చినవాళ్లిద్దరూ గోడకానుకుని నిలబడ్డారు. గుండు పైకొస్తూ, పడమటి గోడకి కొట్టిన గోనెపట్టాని బరబరా రాసుకుంది. నలభై, నలభై ఒకటి. ఆఖరి చుట్టు దగ్గర ఎప్పటిలాగే ఆయన పెదవులు కదిలాయి.

“పొద్దు నీది తండ్రీ. తాడు మాత్రం నాది.”

పని నేర్పిన ముసలాయన అప్పగించిపోయిన మాట అది. అంతకు మించిన ప్రార్థన ఆయనకి రాదు.

“అయిందా తాతా?” అన్నాడు మిల్లు యజమాని. నలభై నిండని మనిషి. చేతికి కొత్త గడియారం మెరుస్తోంది.

గంటలాయన తలూపి, చేతులకంటిన నూనె గుడ్డకి తుడుచుకున్నాడు.

“మా నాన్న పెట్టిన పద్ధతి నీకు తెలిసిందే,” అన్నాడు యజమాని. “పొద్దున లోపలికి రావడానికి మా మిల్లు కూత. సాయంత్రం బయటికి పోవడానికి మీ గంట. రెండు కొసలూ ఒక్క చేతిలో ఉండకూడదని పెట్టాడు. మంచిదే. నేను కాదనను. కాకపోతే చిన్న సాయం కావాలి. సాయంత్రం ఆరు కొట్టేది ఆరు నిమిషాలు ఆగి కొట్టాలి. అంతే.”

గంటలాయన పెద్దాయన వంక చూశాడు. పెద్దాయన కిటికీలోంచి బయటికి చూశాడు.

“ఆగి కొడితే అది ఆరెందుకవుతుంది బాబూ?”

“వరదలో సగం యంత్రాలు బురదపాలయ్యాయి. నెలాఖరుకి సరుకు రైలెక్కకపోతే మిల్లు మూతే. అప్పుడు నీ గంటకి బయటికొచ్చేది ఎవరు? పిచ్చుకలా?”

“ఆ మాటే వాళ్లకి చెప్పండి. రోజూ ఆరు నిమిషాలు ఎక్కువ చెయ్యండమ్మా అని అడగండి.”

“అడిగితే వందమంది వంద మాటలంటారు. గంట కొడితే ఒక్కరూ మాట్లాడరు.”

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. “చూడవోయ్. బాబు మందిరం కప్పుకి రేకులు ఇస్తానంటున్నాడు. రెండు వానాకాలాలు గొడుగులు వేసుకుని ప్రార్థన చేశాం. దేవుడి పనే అనుకో ఇది కూడా.”

“మీరు చెప్పమంటే దేవుడే చెప్పినట్టా?” గంటలాయన ఎదురాడాలని అనలేదు. నిజంగానే అడిగాడు. పెద్దాయనకి అది ఎదురాడినట్టే వినబడింది. మొహం గంటు పెట్టుకున్నాడు.

యజమాని నవ్వి మణికట్టు ముందుకి చాపాడు. “అయినా నీకిది కొత్తేం కాదులే తాతా. నా గడియారం పట్నం స్టేషన్లో కలిపి తెచ్చా. నీది నాలుగు నిమిషాలు వెనకుంది. ఇన్నాళ్లూ నాలుగు ఇస్తూనే ఉన్నావు. ఇంకో ఆరు ఇవ్వడానికి ఇంత ఆలోచనా?”

గంటలాయన తిరిగి గడియారం ముల్లు వంక చూశాడు.

“మూడు రోజులు టైమిస్తున్నా,” అని యజమాని మెట్ల వైపు తిరిగాడు. రెండు మెట్లు దిగి ఆగాడు. “మీ అమ్మాయి మా నూలు గదిలోనే కదా? పసిపిల్ల తల్లి. చేతి పని బాగుంటుందని విన్నా.”

మెచ్చుకుంటున్నట్టే అన్నాడు.

మధ్యాహ్నం దగ్గరపడ్డాక గంటలాయన గడియారం గదిలో నేల మీద కూర్చున్నాడు. దక్షిణం గోడలో, మనిషి చెయ్యెత్తితే అందేంత ఎత్తున, ఒక కన్నం ఉంది. అందులోంచి ఎండ బొట్టంత పడుతుంది. గది నేల మీద ఆ బొట్టు పడమటి నుంచి తూర్పుకి పాకుతుంది. ముసలాయన కొట్టిన మేకు దగ్గర మొదలై ఉత్తరం వైపు సాగే గీత ఒకటి రాతి నేలలో చెక్కి ఉంది. బొట్టు ఆ గీత ఎక్కితే నడిమధ్యాహ్నం. ఏ నెలలో ఎన్ని నిమిషాలు కలపాలో, ఎన్ని తియ్యాలో పక్కనే చెక్క పలక మీద గాట్లు పెట్టి ఉన్నాయి. ముసలాయన ఆ గాట్లని ఏడాది పొడుగునా స్టేషన్ గడియారంతో సరిచూసి పెట్టాడు. వరదకి స్టేషన్ మునిగాక ఊరికి వేరే గడియారం లేదు. ఉన్నదల్లా ఈ గీత, దాని వెనక గంటలాయన.

బొట్టు గీత ఎక్కింది. గాట్లు కలుపుకుని ముల్లు వంక చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

“నాలుగు నిమిషాలంట,” అన్నాడు బొట్టుతో.

బొట్టు గీత దిగి తన దారిన తను పోయింది.

సాయంత్రం ఆరు కొట్టే వేళకి ఆయన మిల్లు గేటు దగ్గరికి వెళ్లాడు. గేటు మందిరం వాకిలికి ఎదురుగానే. భార్య అప్పటికే మనవరాలిని ఎత్తుకుని నిలబడి ఉంది. పిల్ల ఎర్రగా కందిపోయి ఏడుస్తోంది.

“ఎంతసేపయింది వచ్చి?”

“దీన్నడగండి. రోజూ ఇదే వరస. ఆకలేసిన టైము దీనికి తెలిసినట్టు ఆ గంటకి తెలీదు.”

ఆయన ఉలిక్కిపడి ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ మామూలుగానే అంది. పిల్లని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

గంట కొట్టింది. గేటు తెరుచుకుంది. తలల మీద, కనుబొమల మీద పత్తి నూగుతో ఆడవాళ్లు గుంపుగా బయటపడ్డారు. కూతురు అందరికన్నా ముందు పరిగెత్తుకొచ్చింది. రవిక ముందంతా తడిసి ఉంది. పిల్లని లాక్కుని మందిరం ప్రహరీ పక్కన కూలబడి, వీపు ఇటు తిప్పింది. ఏడుపు కత్తిరించినట్టు ఆగిపోయింది.

ఇంటికొచ్చాక ఆయన విషయం చెప్పాడు. చెప్పడానికి ఎనిమిది మాటలు పట్టాయి. భార్య విన్నది విన్నట్టు వదిలితే ఆవిడ ఆవిడే కాదు.

“దేవుడు మీ గడియారంలో కాపురం ఉంటున్నాడా ఏంటి? ఆరు నిమిషాలు అటూ ఇటూ అయితే ఆయన అలిగి వెళ్లిపోతాడా? ఇంట్లో ఉన్నది ఒక్క జీతం. అల్లుడు పట్టాలు వేసే పనికి పోయి పాదాలకి పుండ్లయ్యాయన్న కబురు తప్ప ఏం పంపించాడు కనక?”

“ఆయన్ననకమ్మా,” అంది కూతురు. తర్వాత తండ్రి వైపు తిరిగింది. “ఆరు నిమిషాలకి నేనేం చచ్చిపోను నాన్నా. పని పోతే మాత్రం చస్తా. నా కోసం ఒప్పుకో. తప్పయితే ఆ తప్పు నా పేర రాసుకోమను మీ దేవుణ్ని.”

“నీ ఒక్కదాని ఆరు కాదమ్మా.”

“అందరివీ నువ్వే మోస్తావా?”

గీత తప్పని తేలితే ఆరు నిమిషాల కోసం ఎదురుతిరగడానికి తనెవరు? గీత ఒప్పని తేలితే కూతురి కూడు పడగొట్టడానికి మాత్రం తనెవరు? రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటుంటే ఆయన కంచం ముందు కూర్చుని, కలిపిన ముద్దే మళ్లీ మళ్లీ కలిపాడు.

మర్నాడు తాడు చుట్టడం కాగానే స్టేషన్‌కి నడిచాడు. ఏటి అవతల, రెండు మైళ్లు. కొత్త సున్నం వాసన ఇంకా పోలేదు. గోడకి కొత్త గడియారం పెట్టారు.

“ఎక్కడికి టికెట్టు?” అన్నాడు స్టేషన్ మాస్టరు.

“ఎక్కడికీ కాదు. పదింటి దాకా కూర్చుంటా.”

“ఇక్కడెవరైనా రైలు కోసం కూర్చుంటారు. పదింటి కోసం కూర్చునే మనిషిని ఇప్పుడే చూడటం.”

బల్ల మీద కూర్చుని, గడియారం మీదే కళ్లు పెట్టాడు. పది అయింది. ఏటి వైపు నుంచి ఏ చప్పుడూ లేదు. ఒక నిమిషం. రెండు. గాలి ఇటు తిరగలేదేమో అనుకున్నాడు. మూడు. ముల్లు నాలుగో నిమిషం మీదకి జరగ్గానే, సన్నగా, తన గంట. పది దెబ్బలూ లెక్కపెట్టాడు. సొంత బిడ్డ గొంతు పరాయివాళ్లింట్లోంచి వినబడినట్టుంది.

“మీ గడియారం ముందుందేమో బాబూ?”

“రోజూ తంతి తీగ మీద పట్నం నుంచి టైమొస్తుంది తాతా. మీ ఊరి టైము మీది, మా టైము మాది. రైలు మాత్రం మా టైముకే పోతుంది, ముందే చెబుతున్నా.”

తిరిగొస్తూ మందిరంలోకి వెళ్లాడు. కప్పు లేని చోట ఆకాశం నలుచదరంగా కనబడుతోంది. పెద్దాయన బల్లల మీది దుమ్ము దులుపుతున్నాడు.

“యజమాని అన్నది నిజమే. నాలుగు వెనకున్నాను,” అన్నాడు గంటలాయన.

పెద్దాయన మొహం విప్పారింది. “మరింకేం! లేని నిజానికి కాపలా కాస్తున్నావన్న మాట. మంకుపట్టు వదిలెయ్. పెద్దల మాట వినడం కూడా సేవేనోయ్. నీ కన్నా నాకు నాలుగు దేవుడి వాక్యాలు ఎక్కువ తెలుసు కదా?”

“తెలుసు.”

“ఏ వాక్యంలోనైనా నిమిషాల గురించి ఉందా?”

“నాకు తెలీదు.”

“లేదు.” పెద్దాయన గుడ్డ విదిలించాడు. ఆ దుమ్ము ఇద్దరి మధ్యా కాసేపు నిలబడింది.

ఆ రోజు మధ్యాహ్నం గీత దగ్గర కూర్చుంటే బొట్టు మళ్లీ సరిగ్గా వేళకే వచ్చింది. ఆయనకి మతిపోయింది. రైలు టైము ఒప్పు. ముసలాయన గీతా ఒప్పే; ఒకప్పుడు ఈ రెండూ ఒక్కటే చెప్పాయి. మరి మధ్యలో కదిలిందేమిటి? ఎండా? కళ్లు మూసుకుని, ‘ఏది నీదో చూపించు తండ్రీ’ అనబోయాడు. అలా అడగడం ఎప్పుడూ అలవాటు లేదు. సిగ్గేసి మానుకున్నాడు.

మూడో రోజు పొద్దున తాడు చుడుతుంటే ముప్ఫయ్యో చుట్టు దగ్గర గూట్లోంచి గీరుకుపోయిన చప్పుడు వచ్చింది. గోనెపట్టా చిరిగి, గుండు రాతికి తగులుతోంది. నలభై రెండూ పూర్తిచేసి, మేకులూ సుత్తీ తీసుకుని గూటి అంచున బోర్లా పడుకున్నాడు. వరద తగ్గిన నెలలోనే ఈ గీరుడు మొదలైంది. తేమకి తాడు ఉబ్బి పక్కకి ఊగుతోందనుకుని పట్టా కొట్టాడు. అది చిరిగితే ఇంకోటి. ఇది ఐదోదో ఆరోదో.

మేకు పెట్టి సుత్తి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

తాడు ఊగడం లేదు. నిశ్చలంగా, తిన్నగా, కిందికి వేలాడుతోంది. మొదట్లో గూటికి నట్టనడుమ ఉండేది. ఇప్పుడు పైన నడుమనే ఉంది. కిందికి పోయేకొద్దీ పడమటి గోడ దానికి దగ్గరగా జరిగి ఉంది.

తాపీ పనివాళ్లు గోడ నిలువు చూడటానికి దారానికి గుండు కట్టి వదులుతారు. అంతకు నాలుగింతలు పెద్ద గుండు రెండేళ్లుగా ఆయన కళ్ల ముందే వేలాడుతోంది. అది గోడ వంక చూపించి చెబుతుంటే, దాని నోటికి తను గోనెపట్టా కడుతూ వచ్చాడు. వరద తర్వాత ఊళ్లో నిటారుగా మిగిలిన ఇల్లు ఒక్కటి లేదు. పక్కన పోల్చి చూడటానికి ఏదీ లేక, గోపురం పడమటగా, ఏటి వైపు ఒరిగిన సంగతి ఎవరి కంటికీ ఆనలేదు.

గంటలాయన లేచి కన్నం దగ్గరికి వెళ్లాడు. దారం తెచ్చాడు. బరువుకి ఏమీ దొరక్క, మొలలో ఉన్న గోపురం తాళంచెవిని దాని కొసకి కట్టి కన్నంలోంచి లోపలికి వదిలాడు. తాళంచెవి చాలాసేపు ఊగింది. అప్పట్లో ముసలాయన ఇలాగే గుండు వదిలి చూసి, సరిగ్గా దాని కిందే మేకు కొట్టాడు. ఇప్పుడు తాళంచెవి మేకు మీద ఆగలేదు. మేకుకి పడమటగా ఆగింది. వేళ్లు ఆనించి చూశాడు. రెండు వేళ్లు.

ఆ చోటు నుంచి ఉత్తరానికి, పాత గీత పక్కనే, సుద్దతో ఇంకో గీత గీశాడు. మధ్యాహ్నం దాకా కదలకుండా కూర్చున్నాడు. బొట్టు వచ్చింది. ముందు సుద్ద గీత ఎక్కింది. సెకనుకొకటి చొప్పున పడే లోలకం ఊపులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. బొట్టు నింపాదిగా పాకి ముసలాయన గీత ఎక్కేసరికి రెండు వందల నలభై.

అయితే ఆ నాలుగు నిమిషాలూ తిన్నది యజమాని కాదు. ఈ గదిలో కూర్చున్నవాడు. ప్రార్థన చేసి మరీ తిన్నాడు.

తడిసిన రవిక గుర్తొచ్చింది. పిల్ల ఏడుపు గుర్తొచ్చింది. ఆ గుంపులో ఇంకెందరి పిల్లలో. పెద్దాయన అన్నమాటే నిజమనిపించింది ఒక్క క్షణం: లేని నిజానికి కాపలా. ఇంత తప్పు చేసినవాడికి ఇంకో ఆరు కలపనని చెప్పే నోరెక్కడిది? కానీ ఎటు తిప్పి చూసినా ఆలోచన ఒక్క చోటికే వచ్చి ఆగింది. తెలియక తిన్నది తిన్నాడు. తెలిశాక ఇంకొక్కటి తినలేడు. మిగతాదేదీ ఆయనకి తేలలేదు. తేలే దాకా ఆగితే సాయంత్రం ఆరవుతుంది.

లేచి, ముల్లుని నాలుగు నిమిషాలు ముందుకి జరిపాడు.

ఆ సాయంత్రం భార్య పిల్లని ఎత్తుకుని వచ్చేసరికి కూతురు గేటు బయట నిలబడి ఉంది.

“ఇదేంటే, అప్పుడే వదిలేశారా?”

“గంట కొట్టిందిగా. నువ్వే ఆలస్యం.”

పిల్ల ఇంకా ఏడుపు మొదలుపెట్టలేదు. నిద్రలోంచి లేచిన కళ్లతో తల్లిని చూసి, ఇదేం వింత అన్నట్టు బొటనవేలు నోట్లో పెట్టుకుంది. గంటలాయన దూరం నుంచి చూశాడు. దగ్గరికి పోలేదు.

వెనక నుంచి పెద్దాయన ఆయాసపడుతూ వచ్చాడు. “ఆరు వెనక్కి పెట్టమంటే నాలుగు ముందుకి పెడతావా? యజమాని మండిపడుతున్నాడు. ఆయన మొహం మీదే కొట్టినట్టయింది కదయ్యా!”

“గోపురం ఒరిగింది,” అన్నాడు గంటలాయన. “నా తప్పు. దిద్దాను.”

“గోపురం ఒరగడమేంటి, నీ బుర్ర ఒరిగింది! రేపు పొద్దున తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టు. ఇంకొకర్ని చూసుకుంటాం.”

“సరే.”

పెద్దాయన ఇంకా ఏదో వస్తుందని కాచుకున్నాడు. రాలేదు. ఆ ‘సరే’ ఆయనకి కూడా ఎటూ పాలుపోనట్టుంది. ఆయాసపడుతూనే వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున గంటలాయన నలభై రెండు చుట్లూ చుట్టాడు. ఆఖరి చుట్టు దగ్గర పెదవులు కదపబోయి, ఆపేశాడు. నెలల గాట్ల పలకని గోడ నుంచి ఊడదీసి చంకలో పెట్టుకున్నాడు. తలుపు తాళం వేసి, తాళంచెవి పెద్దాయన ఇంటి గుమ్మంలో ఆయన చేతికే ఇచ్చాడు. అక్కణ్నుంచి మందిరం వాకిట్లోకి వచ్చాడు. మిల్లు గేటుకి ఎదురుగా పరిచిన పెద్ద రాతిబండల దగ్గర ఒక గుంజ పాతాడు. దాని తలకి అడ్డకర్ర బిగించి, కర్ర కొస నుంచి దారం వదిలాడు. పలకని గుంజకి కొట్టాడు. పక్కన ఉలీ సుత్తీ పెట్టుకుని బండ మీద కూర్చున్నాడు.

కూతకి ముందు ఆడవాళ్లు రాసాగారు. ఎప్పుడూ పలకరించని మనిషి ఒక్కొక్కరినీ ఆపాడు.

“అమ్మా, రెండేళ్లుగా నా గంట నాలుగు నిమిషాలు ఆలస్యం. గోపురం ఒరిగింది. చూసుకోలేదు.”

“నాలుగే కదా తాతా, నేను నలభై అనుకున్నా!” అని ఒకావిడ నవ్వుతూ పోయింది. వెనకావిడ నవ్వలేదు. దారం వంక చూసి, “ఇదేంటి?” అంది.

“మధ్యాహ్నం తిండి వేళ రండి. గాట్లు లెక్కేసి నడిమధ్యాహ్నం ఎప్పుడో నేను చెబుతా, అప్పుడు దీని నీడ ఎక్కడ పడితే అక్కడ మీరే గీత పెట్టండి. చెక్కడం నేను చెక్కుతా. గీత మాత్రం మీదే. రోజూ ఆ గీతతో సరిచూసుకుంటే, ఇక పైన గంట ఎవరు కొట్టినా, ఎప్పుడు కొట్టినా, మీకు తెలుస్తుంది.”

కూత వేశారు. ఆడవాళ్లు లోపలికి పోయారు. కూతురు గేటు దాకా వెళ్లింది. కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టి, తలొంచుకుని ఏదో అన్నాడు. గేటు మూసుకుంది. కూతురు ఇటే ఉండిపోయింది.

మెల్లగా నడిచి తండ్రి దగ్గరికి వచ్చింది. కళ్లల్లో నీళ్లున్నాయి గానీ కోపం వాటిని కారనివ్వడం లేదు.

“చాలా? అయిందా నీ సేవ?”

ఆయన తలెత్తలేదు. “ఏమో అమ్మా. నాకూ తెలీదు.”

ఆమె బండ మీద, కాస్త దూరంగా, కూర్చుంది.

“ఆ దారం గాలికి కొట్టుకుంటోంది చూడు. బరువేది?”

బరువుకని ఉన్న తాళంచెవి ఇచ్చేసిన సంగతి ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది. జేబులు తడుముకున్నాడు. అంతలో భార్య పిల్లని చంకనేసుకుని వీధి మలుపు తిరిగింది. మూసిన గేటు చూసింది. బయట కూర్చున్న కూతుర్ని చూసింది. ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేకపోయింది. ఎదురుగా వచ్చి నిలబడింది. గంటలాయన తిట్లకి సిద్ధమై తల వంచాడు.

ఆవిడ కొంగు ముడి విప్పి, ఇంటి తాళంచెవి తీసి ఆయన ఒళ్లో పడేసింది.

“ఇదే ఇంక మిగిలింది. సాయంత్రానికి తిరిగివ్వాలి. ఇంట్లోకి పోవద్దూ?”

ఆయన దాన్ని దారానికి కట్టాడు. ముడి రెండుసార్లు జారింది. మూడోసారి కూతురు లేచి వచ్చి ముడి బిగించింది. నూలు గదిలో వేసే ముడి, జారదు. తాళంచెవి కాసేపు అటూ ఇటూ ఊగింది. నలుగురూ దాన్నే చూస్తూ, అది ఆగే దాకా కూర్చున్నారు.